ఎర్రదారం ఫైలు

"భోజనాల వేళకు నా గదికి రా. ఎవరికీ చెప్పకు."

ఎర్రదారం మేడమ్ స్వయంగా బల్ల దగ్గరికి వచ్చి ఆ మాట చెప్పి వెళ్లేసరికి లెన్సులు చూస్తున్న ఆమె పని ఆపేసింది.

కళ్లజోళ్ల ఫ్యాక్టరీలో ఆమెది గీతలు వెతికే పని. లెన్సును దీపం కింద పెట్టి, వెంట్రుకవాసి గీత ఉన్నా తీసి పక్కన పడేస్తుంది. ఎనిమిదేళ్లుగా అదే బల్ల. రెండేళ్లుగా కీళ్లవాతం. పొద్దున్నే వేళ్లు ముడుచుకుపోతాయి, ఎంత బతిమాలినా గంటకు గాని దారికి రావు. ఉద్యోగం ఉంటేనే మందులు, మందులుంటేనే వేళ్లు, వేళ్లుంటేనే ఉద్యోగం.

సిబ్బంది సంగతులు చూసే ఆఫీసరమ్మకు ఎర్రదారం మేడమ్ అన్న పేరు ఊరికే రాలేదు. ఎవరి జబ్బు కాగితాలు చేతికొచ్చినా ఫైలులో పెట్టి, ఎర్రదారం కట్టి, మేడ మీద పెద్దసారు గదికి పంపుతుంది. నెల తిరక్కుండా ఆ మనిషి కుర్చీ ఖాళీ అవుతుంది. ఈ ఏడాది అప్పుడే మూడు కుర్చీలు. పెద్దసారు మాత్రం వెన్నలాంటి మనిషి. ఎదురుపడితే ఇంట్లో అందరి క్షేమం అడుగుతాడు. ఏ కష్టమొచ్చినా నాకే చెప్పండంటూ తన ఫోన్ నంబరు గోడ మీద అంటించాడు. పాపం ఆయనకేం తెలుసు, అంతా ఈవిడ నిర్వాకమే అని ఫ్యాక్టరీ మొత్తం నమ్మకం.

ఆమె మెట్ల కిందికి వెళ్లి వదినకు ఫోన్ చేసింది. వదిన ఒకప్పుడు వేరే ఆఫీసులో, అడగ్గానే తన ఆసుపత్రి ఫైలంతా వాళ్ల చేతుల్లో పెట్టి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. పోయిన వారం డాక్టరు దగ్గర కూర్చుని, ఆమె ఫ్యాక్టరీ ఆఫీసులో ఇచ్చిన ఉత్తరం రాయించింది ఆవిడే. అందులో మూడే ముక్కలు. పని చేయగలదు. ఒక గంట ఆలస్యంగా రానివ్వాలి. మధ్యమధ్యలో లేచి తిరగనివ్వాలి. జబ్బు పేరు లేదు. వేళ్ల ఊసు అసలే లేదు.

"పనికి ఏం కావాలో అంతవరకే వాళ్లకి. మిగతాది నీది. నోరు జారావో, నా గతే," అంది వదిన. "ఫోన్‌లో రికార్డు నొక్కి లోపలికెళ్లు. తేడాగా మాట్లాడితే నేరుగా పెద్దసారుకే పంపు."

"భయంగా ఉంది వదినా."

"భయపడు. నోరు మూసుకుని భయపడు."

ఆమె లోపలికి రాగానే మేడమ్ గది తలుపు మూసింది. కిటికీ తెర కూడా దించింది. బల్ల మీద ఎర్రదారం కట్టిన ఫైలు ఒకటి బోర్లించి ఉంది. ఆమె చూపు దాని మీది నుంచి కదల్లేదు. మేడమ్ చేతులు మళ్లీ స్వెటర్ జేబుల్లోకి వెళ్లిపోయాయి.

"నాలుగింటికి ఈ ఫైలు మేడ మీదికి వెళ్లాలి. ఈలోపు నాకు కొన్ని తెలియాలి. ఆ ఉత్తరం తప్ప నువ్వు ఇంకేమీ ఇవ్వలేదు కదా?"

"లేదు మేడమ్."

"మళ్లీ అడిగితే?"

"ఇవ్వను. పనికి కావాల్సింది అందులో ఉంది."

"ఏ ధైర్యంతో? ఎవరు నేర్పారు నీకు?"

ఫోన్ రికార్డు చేస్తున్న చేతిసంచిని ఆమె దగ్గరికి లాక్కుంది.

"తీసేస్తే ఏం చేస్తావ్?"

ఆమె చూపు మళ్లీ ఫైలు మీదికి వెళ్లింది. మేడమ్ ముందుకు వంగింది.

"పొద్దున్నే వేళ్లు ముడుచుకుపోతాయి కదూ? బొత్తాం కూడా పట్టదు కదూ?"

ఉత్తరంలో లేని మాట ఈవిడకెలా తెలిసింది? ఎవరు చెప్పారు? ఆసుపత్రివాళ్లా, పక్క బల్ల వాళ్లా?

మేడమ్ మోచేత్తో నీళ్ల సీసాను ఆమె ముందుకు జరిపింది. కొత్త సీసా, సీలు కూడా తీయలేదు.

"దీని మూత తియ్యి."

పరీక్ష! ఆమె పళ్లు బిగపట్టింది. రెండు అరచేతుల మధ్య మూతను నొక్కి, నొప్పి మొహంలోకి రానీయకుండా తిప్పింది. మేడమ్ రెప్ప వేయకుండా ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది. మూత వచ్చాక మేడమ్ సీసాను రెండు అరచేతుల మధ్య పట్టి ఆ నీళ్లు గటగటా తాగేసింది.

"వెళ్లు. ఈ మాటలు ఈ గది దాటకూడదు."

అవి గది దాటడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వరండాలోనే నిలబడి ఆమె రికార్డు మొత్తాన్ని పెద్దసారుకు పంపింది. కింద ఒక్క ముక్క రాసింది: 'మీ ఆఫీసరు రోగుల్ని ఎలా పీడిస్తోందో మీరే వినండి సార్.'

మూడున్నరకు జవాబు వచ్చింది. 'చాలా మంచి పని చేశావమ్మా. నాకు కావాల్సింది ఇదే. నిశ్చింతగా పని చేసుకో.'

ఎన్నాళ్ల తర్వాతో ఆమె గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. వదినకు ఫోన్ చేసి నవ్వింది కూడా.

నాలుగింటికి ముసలి అటెండరు ఎర్రదారం ఫైలు పట్టుకుని మెట్ల వైపు వెళుతూ ఆమె బల్ల దగ్గర ఆగాడు. దారం సగం ఊడి వేలాడుతోంది.

"ఎప్పుడూ ఉడుంపట్టులా ఉండే మేడమ్ ముడి, ఈ మధ్య ఇట్టే జారిపోతోందమ్మా. ఇక్కడ కాస్త వేలు పెట్టు, గట్టిగా కట్టేస్తాను, పెద్దసారే అడిగి తెమ్మన్న ఫైలు ఇది," అంటూ ఫైలు తిప్పి ఆమె ముందు పెట్టాడు.

ఆమె ముడి మీద వేలు పెట్టి తల వంచింది. అట్ట మీద ఉన్నది ఎర్రదారం మేడమ్ పేరు.