ప్రశ్నలమ్మ

“ఎవరికైనా సందేహాలున్నాయా?”

టీచరమ్మ అలా అడిగేసరికి గదిలో తలలన్నీ కిందికి వాలిపోయాయి. ఒకాయన పెన్ను మూతను అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు తిప్పి తిప్పి చూడసాగాడు.

మౌనస్వామి కూడా తల వంచుకున్నాడు. అది అతని అసలు పేరు కాదు. మీటింగుల్లో నోరు విప్పడని ఆఫీసులో పెట్టిన పేరు. చాలా ఏళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసి, చడీచప్పుడు లేకుండా ఇంటికి వెళ్లిపోయే మనిషి. ఇప్పుడా సుఖానికి గండిపడింది. ఆఫీసులో ఓ పెద్ద సాఫ్ట్‌వేర్‌ను ముక్కలు చేసి వేర్వేరు యంత్రాల మీద పెడుతున్నారు. అందులో చెల్లింపుల ముక్క ఇతని నెత్తిన పడింది. నెలాఖరుకు దాని డిజైన్ అందరి ముందూ నిలబడి వివరించాలి.

లావుపాటి పుస్తకాలు కొన్నాడు. వీడియోలు చూశాడు. చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉండేది. ఆపేశాక చూస్తే చిల్లు కుండలో నీళ్లే. చివరికి ఆ విద్యే నేర్పే ఈ క్లాసును భార్యే కనిపెట్టింది. ఆదివారం పొద్దున, లైబ్రరీ మేడమీద గదిలో, ఉచితంగా.

“అక్కడైనా నోరు తెరిచి అడగండి. అడగందే అమ్మైనా పెట్టదు,” అని మరీ చెప్పి పంపింది.

అడగలేదు. ఎవరూ అడగలేదు. టీచరమ్మకు విషయం కొట్టినపిండే గానీ పాఠం చెప్పడం కొత్త. “సరే, అందరికీ అర్థమైనట్టుంది,” అని బోర్డు తుడిచేసింది. ఆ అమ్మాయి ముఖం మాత్రం చిన్నబోయింది. మరుసటి వారానికి సగం కుర్చీలు ఖాళీ.

ఆ వారమే వచ్చింది ఆవిడ. నడివయసు దాటిన మనిషి, మెడలో కొలతల టేపు, చేతిలో కూరగాయల సంచి. టైలరింగు షాపు నడుపుతుందట. తిన్నగా వెళ్లి ముందు వరసలో కూర్చుంది. పాఠం సగంలో ఉండగా చెయ్యెత్తింది.

“టీచరమ్మా, నాకో ముక్క అర్థం కాలేదు.”

“అడగండమ్మా.”

“ఒక్క యంత్రం చేసే పనికి ఇన్ని యంత్రాలెందుకు? నాకు ఒక్క కుట్టుమిషనే ఉంది, బాగానే నడుస్తోంది.”

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. టీచరమ్మ నవ్వలేదు.

“ఆ మిషను పాడైతే?”

“షాపు మూసుకోవాలి.”

“మీరైతే ఓ పూట మూస్తారు. ఆసుపత్రి కంప్యూటర్లు మూసుకుంటే కుదరదు కదమ్మా.”

నవ్వినవాడే ఈసారి గొంతు సవరించుకున్నాడు. “మరి ఆ యంత్రాలు తలా ఒక మాట చెబితే ఎవరి మాట నమ్మాలి మేడమ్?” దాంతో ఇంకొకరికి ధైర్యమొచ్చింది. ఈవిడే అంత అడిగితే మనమడిగితే పోయిందేముంది అనిపించింది కాబోలు.

అందరూ ఆవిడకు ప్రశ్నలమ్మ అని పేరు పెట్టారు. ఆవిడ కూడా నవ్వి ఊరుకుంది. తరవాతి వారం మరో ప్రశ్న తెచ్చింది.

“దారాల కొట్టుకు ఫోన్ చేసి ఓ పెట్టె పంపమన్నాను. ఆయన సరే అనేలోపు లైను తెగింది. విన్నాడో లేదో! మళ్లీ చెబితే రెండు పెట్టెలొస్తాయి. ఊరుకుంటే ఒక్కటీ రాకపోవచ్చు. ఏం చెయ్యను?”

“ఆర్డరుకో గుర్తు పెట్టండమ్మా. లైను తెగితే అదే గుర్తుతో మళ్లీ చెప్పండి. కొట్టాయన చూసుకుని, కొత్తదైతే పంపుతాడు. పాతదైతే పంపేశానంటాడు. మీరెన్నిసార్లు చెప్పినా పెట్టె ఒక్కటే వస్తుంది.”

మౌనస్వామి నిటారుగా కూర్చున్నాడు. పుస్తకాల్లో అన్ని పేజీలు తిప్పినా దొరకనిది దారాల పెట్టెలో దొరికింది. తెలియకుండానే చెయ్యి లేచింది.

“మేడమ్, ఆ గుర్తు పంపేవాళ్లు పెట్టాలా, అందుకునేవాళ్లా?”

“పంపేవాళ్లే. అందుకునేవాళ్లు పెడితే ప్రతిసారీ కొత్త గుర్తు పడుతుంది. మంచి ప్రశ్న అడిగారు.”

ఆ మాట ఇంటిదాకా అతని చెవుల్లో తియ్యగా మోగుతూనే ఉంది.

నెలాఖరున ఆఫీసులో డిజైన్ చెబుతుంటే మేనేజరు మధ్యలో ఆపాడు. “చెల్లింపు జరిగిందో లేదో తెలిసేలోపు నెట్‌వర్క్ పోతే?” మౌనస్వామి బోర్డు మీద దారాల కొట్టు బొమ్మ గీసి చెప్పాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు. టీ తాగేటప్పుడు మేనేజరు అతని పక్కనే వచ్చి నిలబడ్డాడు.

ఆదివారం క్లాసుకు వెళ్లేసరికి గదిలో కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. పాఠం అయిపోవస్తుండగా ప్రశ్నలమ్మ మళ్లీ చెయ్యెత్తింది.

“దారాల కొట్టాయన పెట్టె పంపేసి, గుర్తు రాసుకునేలోపు కళ్లు తిరిగి పడిపోయాడనుకోండి. లేచాక మళ్లీ పంపుతాడు కదా?”

ఎప్పుడూ ఠక్కున జవాబు చెప్పే టీచరమ్మ బోర్డు దగ్గరే ఆగిపోయింది. ఆవిడ వంక వింతగా చూసింది.

“నేను చెప్పనా మేడమ్?” మౌనస్వామి లేచి నిలబడ్డాడు. “మా చెల్లింపుల్లో డబ్బు మారడం, గుర్తు పడడం ఒకే దెబ్బకు జరగాలి. పడితే రెండూ పడాలి, లేదంటే రెండూ పడకూడదు.”

“సరిగ్గా చెప్పారు,” అంది టీచరమ్మ. ఎవరో చప్పట్లు కొట్టారు.

క్లాసయ్యాక అతను మెట్ల దగ్గర ప్రశ్నలమ్మను ఆపాడు.

“మీరు అడగబట్టే నాకు నోరు వచ్చిందండీ. చాలా థాంక్స్.”

“నాదేముంది బాబూ! తెలియనిది అడిగాను, అంతే,” అని ఆవిడ నవ్వేసింది.

అతను తేలిగ్గా మెట్లు దిగాడు. కింద బూట్లు వేసుకుంటూ ఉండగా, పైన గదికి తాళం వేస్తున్న టీచరమ్మ గొంతు వినిపించింది.

“చివరి ప్రశ్న నేను ఇంట్లో నేర్పింది కాదు కదే అమ్మా!”