బల్ల మీద హక్కు

“ఆ టేబుల్ క్లాత్ అక్కడ పెట్టు. బల్ల సర్దేది నేను,” అంది పెద్దకోడలు గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టి.

ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డను పసిపిల్లలా రెండు చేతుల మీద మోసుకొస్తున్న చిన్నకోడలు ఆగింది గానీ వెనక్కి తగ్గలేదు.

“ప్రతి క్రిస్మస్‌కీ నువ్వేగా అక్కా. నేనేమో వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తూ కూచోవాలి. ఈసారి నాకు వదిలెయ్.”

“మన ఆడపడుచు అత్తమామలు మొదటిసారి భోజనానికొచ్చే రోజే దొరికిందా నీ ప్రయోగాలకి? చెంచా ఏ పక్కన పెట్టాలో తెలుసా అసలు?”

“తెలియకపోతే పెట్టాక చెబుదువుగాని.”

ముందు గదిలోంచి అత్తగారు కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చింది. “పండగపూట ఏమిటే ఈ కొట్లాట? పెద్దమ్మాయ్, దాని సరదా తీరనీ. తర్వాత నువ్వొచ్చి తప్పులు వెతుకు. ఒక్కటి దొరికినా అది మళ్ళీ బల్ల మాటెత్తకూడదు.”

“దొరక్కపోతే?” అంది చిన్నకోడలు.

“దొరక్కపోతే ఈ జన్మంతా బల్ల నీదే పో,” అని పెద్దకోడలు ముక్కు ఎగరేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చిన్నకోడలు తలుపు వేసుకుని నడుం బిగించింది. గుడ్డను బల్ల మీద పరిచాక మళ్ళీ ఇస్త్రీ చేసింది, ఒక్క మడత గీతైనా మిగలకుండా. మధ్యలో పచ్చటి కొమ్మలు పొడుగ్గా, పల్చగా పరిచింది. కొమ్మల మీదుగా మెడలు చాచి మాట్లాడుకోవడానికి వచ్చేవాళ్ళేం కొంగలు కాదుగా! గాజుగ్లాసులు బోర్లించి, ఒక్కోదాని కింద ఎర్ర రిబ్బను పువ్వు, పైన పొట్టి కొవ్వొత్తి పెట్టింది. వాసనొచ్చే కొవ్వొత్తుల జోలికి పోలేదు. వేయించిన కోడికి గులాబీ వాసన తగిలితే ముద్ద దిగుతుందా? రుమాళ్ళు చుట్టి రిబ్బనుతో ముడేసి, ముడిలో దాల్చినచెక్క ముక్క గుచ్చింది.

తీరా చూస్తే ఒకే రకం పళ్ళాలు అందరికీ చాలలేదు. తెల్లవి సగం మందికి, నీలం అంచువి సగం మందికి. కాసేపు తల పట్టుకుని కూర్చుని, తర్వాత ఒకటి విడిచి ఒకటి పేర్చి, రెండడుగులు వెనక్కి వేసి చూసింది. మొదట్నించీ అలాగే అనుకుని చేసినట్టుంది. చివరికి కొవ్వొత్తులు వెలిగించింది.

బయట వియ్యాలవారి కారు ఆగిన చప్పుడూ, ఇక్కడ పెద్దకోడలు తలుపు తోసిన చప్పుడూ ఒక్కసారే వినపడ్డాయి.

పెద్దకోడలు వస్తూనే వంగి, కంటి ఎత్తున గ్లాసుల వరస చూసింది. చెంచా ఒకటి దీపానికేసి ఎత్తి, నీటిమరక కోసం ఇటూ అటూ తిప్పింది. బల్ల అంచు పట్టుకుని ఊపింది. బల్ల ఊగలేదు. కుంటికాలి కింద మడిచిపెట్టిన అట్టముక్క సంగతి చిన్నకోడలికొక్కదానికే తెలుసు.

“ఈ పళ్ళాలేమిటి, జత కుదరక?”

“కుదిరింది కనకే ఒకటి విడిచి ఒకటి పెట్టాను.”

“కొవ్వొత్తుల మంట కళ్ళల్లో పడుతుంది.”

“కూర్చుని చూడు.”

పెద్దకోడలు ఈ కుర్చీలో కూర్చుంది, ఆ కుర్చీలో కూర్చుంది, చివరి కుర్చీలో కూడా కూర్చుంది. ఎక్కడ కూర్చున్నా మంటలు గడ్డం కిందే ఆగిపోయాయి.

“మరి ఈ ముడులు? పెద్దవాళ్ళు విప్పాలంటే పళ్ళతో లాగాలి.”

చిన్నకోడలు రిబ్బను కొసను రెండు వేళ్ళతో పట్టుకుంది. ముడి వెన్నలా జారిపోయింది.

ఇంతలో అతిథులు లోపలికొచ్చారు. వియ్యపురాలు గుమ్మంలోనే ఆగి “అబ్బ!” అంది. “కూర్చుంటే ఈ అందం చెడిపోతుందేమోనమ్మా” అంటూనే వియ్యంకుడు అందరికంటే ముందు కూర్చున్నాడు.

“ఎవరు సర్దారమ్మా ఇంత ముచ్చటగా?” అంది వియ్యపురాలు.

ఇంట్లోవాళ్ళ కళ్ళన్నీ అలవాటుగా పెద్దకోడలి వైపు తిరిగాయి.

“నేను కాదండీ, మా చిన్నది. తప్పు పడదామని చూశాను, ఒక్కటీ దొరకలేదు. మీ అందరి ముందే చెబుతున్నా, ఇక ఈ ఇంట్లో బల్ల దానిదే.”

“విన్నారుగా, మీరే సాక్షులు,” అంది అత్తగారు.

చిన్నకోడలికి కాళ్ళు నేల మీద ఆనలేదు. వియ్యపురాలు ఫొటోల మీద ఫొటోలు తీసుకుంది. కూరలో ఉప్పెక్కువైతే తప్ప నోరు విప్పని మొగుడు కూడా “భలే సర్దావోయ్” అన్నాడు. ఆ మాటకి ఆమె మరో అంగుళం పొడుగు పెరిగింది.

కేకు కోసే వేళకి పెద్దకోడలి కుర్చీ ఖాళీగా కనపడింది. అంత సంబరంలోనూ చిన్నకోడలికి మనసులో చివుక్కుమంది. కొత్త చుట్టాల ముందు ఓటమి ఒప్పుకోవడమంటే మాటలా? అన్నిటికంటే పెద్ద కేకుముక్క పళ్ళెంలో పెట్టుకుని వంటింటి వైపు నడిచింది. ‘వచ్చే ఏడు కొవ్వొత్తులు నువ్వే పెడుదువుగానిలే అక్కా’ అని చెప్పాలనుకుంది. గెలిచినవాళ్ళకి ఆమాత్రం పెద్దమనసు ఉండాలి మరి.

వంటింటి తలుపు ఓరగా వేసి ఉంది. పెద్దకోడలు అత్తగారి భుజంలో మొహం దాచుకుంది. వీపు ఎగిరెగిరి పడుతోంది. అత్తగారు ఆ వీపు నిమురుతోంది. చిన్నకోడలికి కళ్ళు చెమర్చాయి. తలుపు మీద చెయ్యి వేయబోతుంటే అత్తగారి గొంతు గుసగుసగా వినపడింది.

“చాల్లే నవ్వింది, అది వింటుంది! ఈ చాకిరీ ఇంకొకరికి అంటగట్టడానికి నీకు ఇన్నేళ్ళు పట్టిందే పిచ్చిమొహమా, నేనైతే నువ్వు కాపురానికొచ్చిన మొదటి క్రిస్మస్‌కే నీ చేతిలో ఓడిపోయాను.”