ఎడమ డొక్కలో పోటు

"నీ వెనకాల ఎవరు కూర్చుంటారు తమ్ముడూ?"

మోటార్‌సైకిల్ సీటును అరచేత్తో నొక్కి చూస్తూ అడిగింది సీట్లక్క. బండ్లకు సీట్లు కుట్టడం ఆవిడ పని.

"ఎవరూ కూర్చోరక్కా. మా ఆవిడకి బండెక్కితే కళ్ళు తిరుగుతాయి. సీసాల పెట్టె కూడా ట్యాంకు మీదే పెట్టుకుంటా."

ఆసుపత్రుల్లో రక్తం సీసాలు తీసుకుని పరీక్షలు చేసే ల్యాబుకు చేర్చడం అతని ఉద్యోగం. అందరూ సీసాలాయన అంటారు. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా బండి మీదే బతుకు.

"ఎవరూ కూర్చోకపోతే వెనక ఈ గుంట ఎక్కడిది?"

"బండి సెకండ్‌హ్యాండ్‌ది. రెండేళ్ళ కిందట ఓ ముసలాయన దగ్గర కొన్నా. అప్పటిదేమో."

"ఆ ముసలాయన నాకు తెలుసు. ఈ నీలం దారం కుట్టు నాదే. రెండేళ్ళు ఖాళీగా ఉంటే ఫోమ్ మళ్ళీ పొంగుతుంది తమ్ముడూ. ఇది ఇవాళ పొద్దున కూడా మనిషి కూర్చున్న గుంట."

సీసాలాయన నవ్వేశాడు. నవ్వాడే గానీ ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"నా బాధ అది కాదక్కా. మధ్యాహ్నం అన్నం తిని బైపాస్ ఎక్కుతానా, కాసేపటికి ఎడమ డొక్కలో ఒకటే పోటు. వేలు పెట్టి పొడిచినట్టే ఉంటుంది. మొన్న ఉలిక్కిపడి హ్యాండిల్ వదిలేయబోయా. సీసాలు పగిలాయంటే ఉద్యోగం ఊడినట్టే. ఇద్దరు పిల్లలు. డాక్టరేమో, ముందు సీటు మార్చు, తర్వాత మందులు చూద్దాం అన్నాడు."

సీట్లక్క గాలి సీటు చూపించింది. కూర్చుంటే పడవలా ఊగింది.

జెల్ సీటు చూపించింది. మెత్తగానే ఉంది కానీ ఎండలో పెడితే కాలుతుందట.

చివరికి మూలనున్న ఒంటి సీటు తీసింది. ఒక్కరికే చోటు. వెన్ను ఆనించుకోవడానికి వెనక మెత్తటి దిండు.

సీసాలాయన కూర్చుని "అబ్బా!" అన్నాడు. ఇక బేరం కూడా ఆడలేదు.

"వెనక ఇంకెవరికీ చోటుండదు మరి. ఆలోచించుకో."

"చెప్పాగా అక్కా, ఎవరూ లేరని!"

సీట్లక్క పాత సీటు బోల్టులు విప్పసాగింది. ఆఖరి బోల్టు ఊడుతుండగా సీసాలాయన "అమ్మా!" అని డొక్క పట్టుకున్నాడు.

ఎప్పటికంటే గట్టిగా పొడిచింది.

అప్పుడతను బండి మీద లేడు. నేల మీద నిలబడి ఉన్నాడు.

"చూశావా, జబ్బు ఎంత ముదిరిందో! ఆ పాత సీటు నువ్వే ఉంచుకో. పీడా పోయింది."

నిజంగానే పోయింది. మూడు రోజులు పోటు లేదు, నొప్పి లేదు. "అది సీటు కాదే, సింహాసనం!" అని పెళ్ళాంతో గొప్పలు చెప్పుకున్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం అన్నం తిని బైపాస్ ఎక్కాడు. రోడ్డు తిన్నగా ఉంది. గాలి వెచ్చగా ఉంది. వెన్ను హాయిగా దిండుకు ఆనింది.

ఎవరూ పొడవలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రిలో ఉన్నాడు. కుడి కాలికి రెండు చోట్ల కట్టు. సీసాలన్నీ పగిలాయి. ఉద్యోగం పోయిందన్న కబురు పెళ్ళాం మర్నాడు మెల్లిగా చెప్పింది.

మంచం మీద పడుకున్నవాడికి ఆలోచనలకేం కొదవ? పొడిచిన ప్రతిసారీ తను కళ్ళు తెరిచాడు. తెరిచాడంటే, అంతకుముందు అవి మూసుకుని ఉన్నట్టేగా!

అంటే ఆ పోటు జబ్బు కాదు, ఎవరో తనని లేపడం! ఆ వెంటనే సిగ్గేసింది. పీడా పోయింది అన్నాడు కదా.

రెండు నెలలకు కర్ర ఊతంగా సీట్లక్క దగ్గరికి వెళ్ళాడు.

"అక్కా, నా పాత సీటుందా?"

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే తమ్ముడూ. దాన్ని ఆ సాయంత్రమే ముసలాయన పట్టుకెళ్ళాడు. ఆ సీటు ఎప్పుడు విప్పినా కబురు పెట్టమని నన్ను రెండేళ్ళుగా బతిమాలుతున్నాడు."

ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. ముందు గదిలో బల్ల మీద ఆ సీటు బిగించి ఉంది. ముసలాయన దాని ముందు భాగంలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. సీసాలాయన కాలు నొప్పితో వెనక భాగంలో కూలబడబోయాడు.

"అక్కడ కాదు బాబూ! కుర్చీ వేసుకో."

సీసాలాయన జరిగిందంతా చెప్పాడు.

"ఆ సీటు మళ్ళీ నాకివ్వండి తాతగారూ. మీ కాళ్ళు పట్టుకుంటా."

"ఇవ్వలేను బాబూ. బండి నీకు అమ్మిన రోజే ఈ ఇల్లు బోసిపోయింది. ఎందుకో సాయంత్రానికి గానీ నాకు తట్టలేదు. నువ్వేమో ఎవరివో, ఎక్కడుంటావో తెలియదాయె."

ఫ్యాను తిరుగుతోంది. ముసలాయన కళ్ళు మూతలు పడ్డాయి. తల నెమ్మదిగా పేపరు మీదికి వాలింది.

ఉన్నట్టుండి ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నాడు. చెయ్యి ఎడమ డొక్క మీదికి పోయింది.

"పడుకోలేదులేవే!" అన్నాడు నవ్వుతూ, ఖాళీగా ఉన్న వెనక భాగం వైపు తిరిగి.

తర్వాత సీసాలాయన వైపు చూశాడు.

"తెల్లవారుజామున నేను బండి నడుపుతుంటే, ముప్పై ఏళ్ళు నా వెనక కూర్చుని ఇంటింటికీ పేపర్లు విసిరింది బాబూ; పోయి ఐదేళ్ళయినా, ముందున్నవాడు కునుకు తీస్తే ఊరుకోదు మా ఆవిడ."