రాజావారి గోళ్ళు

“ఆపెయ్యమ్మా, వణికిపోతున్నాడు పాపం!” అన్నారు హెడ్మాస్టరుగారు, కుక్క ముందుకాలు గట్టిగా పట్టుకుని.

కోడలు మిషన్ ఆపింది. గుప్పెట్లో ఇమిడేంత మిషన్. కొసన చిన్న సానరాయి గిర్రున తిరుగుతూ కుక్క గోళ్ళని అరగదీస్తుంది. చప్పుడు ఆగినా ఆయన చెయ్యి మాత్రం ఆ కాలిని వదల్లేదు. కుక్క తీరిగ్గా ఆవలించింది.

“చూశావా? భయమేస్తే కుక్కలు ఆవలిస్తాయి. ఎక్కడో చదివాను.”

“నిజమే మామయ్యా,” అంది కోడలు.

కుక్క కోడలి తమ్ముడిది. ఉద్యోగం పనిమీద మూడు వారాలు వేరే ఊరెళ్తూ దాన్నీ, దాని పరుపునీ, గిన్నెనీ, ఈ మిషన్నీ అక్క ఇంట్లో దింపి వెళ్ళాడు. సోఫా మధ్యలో తప్ప పడుకోదు కాబట్టి అందరూ దాన్ని రాజావారు అంటారు. గోళ్ళు పెరిగి గచ్చు మీద టకటకమంటున్నాయి. పరిగెత్తితే రాజావారు జారి గోడకి కొట్టుకుంటున్నారు.

“ఈ చప్పుడంటే వాడికి హడలు మామయ్యా. మెల్లగా అలవాటు చెయ్యాలి. నావల్ల కాదు. మీరైతే ఎంతమంది మొండిఘటాల్ని దారిలో పెట్టారు!” అంది కోడలు మొదటిరోజే.

పొగడ్తకి ఆయన ఉబ్బిపోయారు. ముప్ఫయ్యేళ్ళు స్కూలంతటినీ గడగడలాడించిన మనిషి మరి. అంతటి మనిషీ పన్ను డాక్టరు కుర్చీలోంచి రెండుసార్లు లేచి వచ్చేశారు. రెండోసారైతే మెడకి కట్టిన గుడ్డతోనే వీధిలో పడ్డారు. డాక్టరు ఇంకా నోట్లో వేలైనా పెట్టలేదు, డ్రిల్లు గుయ్యిమంది, అంతే. మూడు నెలలుగా కుడివైపు నమలడమే లేదు. బిస్కెట్టు కూడా టీలో నానాల్సిందే. ఈ నెల దాటితే పన్ను దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఎవరైనా ఆ మాటెత్తితే, “నా పన్ను, నా ఇష్టం,” అని పేపరు అడ్డం పెట్టుకునేవారు. రాజావారి పని మీద పడ్డాక ఇంట్లో పన్ను ఊసే లేదు. ఆయనకి అదో సుఖం.

మొదటి రెండు రోజులూ మిషన్ ఊరికే బల్లమీద ఉంది. మూడోరోజు కోడలు వంటింట్లో ఆన్ చేస్తే, హాల్లో ఈయన రాజావారి చెవులు మూసి, “ఏం లేదురా, ఏం లేదు,” అన్నారు. నాలుగోరోజు హాల్లో. ఇవాళ ఐదోరోజు, వాలుకుర్చీ పక్కనే.

“ఈ రాయి అప్పుడే అరిగినట్టుందే?” అన్నారు మిషన్ తిప్పి చూస్తూ.

“ఎవరో వాడింది కొన్నాడేమో మామయ్యా. సరేగానీ, రేపు మీ గోటి మీద పెట్టి చూపించండి. మీరు భయపడకపోతే వాడూ భయపడడు.”

“నాకేం భయం!”

మర్నాడు బొటనవేలు చాపారు, కళ్ళు గట్టిగా మూసుకుని.

“నొప్పా?”

“అబ్బే. చక్కిలిగిలి.”

ఆ తర్వాతిరోజు చెంపకి ఆనించుకోమంది. “వాడు మీ మొహంకేసే చూస్తున్నాడు కదా.” ఆయన వాలుకుర్చీలో వెనక్కి వాలి, గట్టిగా ఊపిరి తీసి, దవడ జిల్లుమంటుంటే పది లెక్కపెట్టారు. కోడలు ఇద్దరికీ చెరో బిస్కెట్టు ఇచ్చింది.

పన్నెండోరోజు మిషన్ ఆయనే పట్టారు. చప్పుడు మొదలవగానే రాజావారు తమంతట తామే కాలు చాపి ఆయన ఒళ్ళో పెట్టారు.

“చూశావా, నామీద నమ్మకం!” హెడ్మాస్టరుగారి కళ్ళు చెమర్చాయి.

గోరు వేడెక్కకుండా, ఒక్కోదాని మీదా రెండు క్షణాలే ఆనిస్తూ, కొసలు గుండ్రంగా అరగదీశారు. నాలుగోకాలికి వచ్చేసరికి రాజావారు గురకపెడుతున్నారు. ఆయన చెయ్యి ఎక్కడా వణకలేదు.

మిషన్ ఆపి కుక్క తల నిమిరారు.

“నోరులేని జీవం, అంత భయాన్నీ దిగమింగింది. నాకేం వచ్చింది?” అన్నారు. “అమ్మాయ్, రేపు పన్ను డాక్టరు ఉంటాడా?”

“కనుక్కుంటాను మామయ్యా,” అంది కోడలు, దుప్పటి మీది గోళ్ళపొడి దులుపుతూ.

డాక్టరు కుర్చీలో ఆయన కళ్ళు మూసుకుని పదులు లెక్కపెట్టారు. పన్ను దక్కింది. వారం తిరిగేసరికి కుడివైపే వేరుశెనగలు పటపటా నమిలేస్తున్నారు. ఆ చప్పుడు ఇంట్లోవాళ్ళ చెవులకి ఎంతో హాయిగా ఉంది.

కుక్క కోసం తమ్ముడొచ్చాడు.

“మీవాడికి ధైర్యం నేర్పానోయ్! ఇక మిషన్ చూసి జడుసుకోడు,” అన్నారు హెడ్మాస్టరుగారు, గర్వంగా మీసం సర్దుకుంటూ.

తమ్ముడు నోరు తెరిచాడు. కోడలు వాడి చేతుల్లో కుక్కపరుపు కుక్కి, “పద, కిందదాకా వస్తాను,” అని మెట్లవైపు నెట్టింది.

మెట్ల మలుపులో వాడు ఆగాడు.

“అదేంటక్కా, కూనగా ఉన్నప్పటినుంచీ వాడికి ఈ మిషన్ అలవాటే కదా!”