డ్రైవరుగారి నిద్ర

“మామ్మగారూ, ఏం చెబుతున్నారు మా ఇంటి గురించి?”

కిరణ్మయి గేటు తీసుకుని బయటికి వచ్చి మరీ అడిగింది.

గేటు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చున్న ముసలామె ఉలిక్కిపడింది. అప్పుడే ఆమె ఒక టోటో బ్యాటరీ రిక్షావాణ్ణి ఆపి, ఈ ఇంటివైపు వేలు చూపించి, చెవిలో ఏదో ఊది పంపించింది. కిరణ్మయి కిటికీలోంచి కళ్ళారా చూసింది.

“అబద్ధమే సెప్పినానమ్మా,” అంది ముసలామె తల దించుకుని. “ఎందుకంటే...”

“ఎందుకో నాకు తెలుసు లెండి. రేపటి నుంచి ఇక్కడ కూర్చోకండి.”

“పాటాలు బాగా సాగతన్నాయి గదా, తల్లీ?”

“మీరు లేకపోతే ఇంకా బాగా సాగుతాయి.”

ముసలామె మోకాళ్ళు పట్టుకుని లేచింది.

“ఠీక్ హై, తల్లీ,” అని వెళ్ళిపోయింది.

పీడ వదిలిందనుకుని కిరణ్మయి గేటుకి గడియ పెట్టింది.

ఖరగ్‌పూర్ మలంచా పేటలో ఆ వీధికి నోరెక్కువ. కిరణ్మయి ఆరేళ్ళ కొడుకు అభిరామ్‌ని బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెబుతోందని తెలిసినప్పటి నుంచి తలా ఒక మాట. పొద్దున్నే బాక్సు కట్టడానికి బద్ధకం కాబోలని ఒకావిడ నవ్వింది కూడా. రోజూ పాఠాల వేళకి వచ్చి గేటు దగ్గర తిష్ఠ వేసే ఈ ముసలామె కూడా ఆ బాపతేనని కిరణ్మయి తేల్చేసుకుంది.

వాళ్ళకేం తెలుసు? బడి గోలకి వాడు చెవులు మూసుకుని బల్ల కింద దూరేవాడు. ఒక్క అక్షరం ఒంటబట్టలేదు.

ఇంట్లోనూ మొదట్లో వీధి హారన్లకి బెదిరాడు గానీ, తర్వాత దారిలో పడ్డాడు. పళ్ళెంలో బొంబాయి రవ్వ పోసి దిద్దిస్తే అక్షరాలన్నీ దిద్దేశాడు. శనగలు పేర్చి కూడికలు చేశాడు. నాలుగేళ్ళ మైథిలి అన్న పక్కన చేరి, ఆ శనగలు తింటూ తీసివేతలు నేర్చుకుంది. పాఠాల వేళ చీమ చిటుక్కుమన్నా వినిపించేది.

ఇదంతా తన పద్ధతి మహిమేనని కిరణ్మయికి గట్టి నమ్మకం. ఆ ధీమాతోనే అత్తగారు బాలాంబ పెట్టిన షరతుకి ఒప్పుకుంది. దసరా పూజా సెలవుల ముందు ఆవిడ వస్తుంది. మనవడు ఆవిడ ముందు గడగడా చదవాలి. చదవకపోతే మళ్ళీ బడే.

ముసలామెను పంపేసిన రెండు రోజులకే బాలాంబ వచ్చింది.

“చదువు కన్నా,” అంది కిరణ్మయి.

అభిరామ్ పుస్తకం తెరిచాడు. వీధిలో టోటో హారన్ మోగింది. వాడు ఆగాడు. ఆ వెనకే పాత సామాన్లు కొనేవాడి మైకు అందుకుంది. ఇంకో రెండు టోటోలు పోటీపడి కూశాయి.

అభిరామ్ పుస్తకం వదిలేసి మంచం కింద దూరాడు.

ఇన్నాళ్ళూ ఈ గోలంతా ఎక్కడికి పోయిందో కిరణ్మయికి అర్థం కాలేదు.

“రేపే బడిలో చేర్పించు,” అంది బాలాంబ.

“సేపలోయ్! సేపలు!”

గేటు ముందు కేక. కిరణ్మయి ఒక్క ఉదుటున బయటికి వచ్చింది.

“అప్పలకొండా! ఎప్పుడూ లేనిది ఇవాళేం, మా ఇంటి ముందు అరుస్తున్నావు?”

చేపల బుట్ట దించుతూ అప్పలకొండ తెల్లబోయింది.

“ఇప్పుడరిస్తే ఏటమ్మా? డ్రైవరు బాబుకి బదిలీ అయిపోనాది గదా?”

“ఏ డ్రైవరు?”

“మీ ఆయనే!”

కిరణ్మయి భర్త మోహనకృష్ణ రైల్వే ఆఫీసులో గుమస్తా. పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాడు. రైలు నడపడం మాట అటుంచి, ఎక్కితే చాలు నిద్రపోతాడు.

“మీ గేటు కాడ కూకునే ముసిల్ది, ఎలీసమ్మ సెప్పినాది,” అంది అప్పలకొండ. “ఈ ఇంట్లో డ్రైవరు బాబు నైట్ డ్యూటీ సేసొచ్చి తొంగున్నాడు, గోల సెయ్యకండర్రా అని. టోటోవోళ్ళకీ, మైకోడికీ, నాకూ అందరికీ అదే మాట. రెండ్రోజుల్నించి ఆ మనిషి కనబడకపోతే బదిలీ అనుకున్నాం.”

కిరణ్మయి అక్కడే నిలబడిపోయింది.

పిల్లలు చదువుకుంటున్నారంటే ఈ రైల్వే ఊళ్ళో ఎవడూ హారన్ ఆపడు. నైట్ డ్యూటీ డ్రైవరు పడుకున్నాడంటే మాత్రం వీధి వీధంతా మునివేళ్ళ మీద నడుస్తుంది. ఆ అబద్ధమేదో విననైనా వినకుండా తను తరిమేసింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

“ఎక్కడుంటుంది ఆవిడ? వెళ్ళి తీసుకొస్తాను.”

“ఇంకేటి తెస్తావమ్మా? ఖరిదాలో గది కాళీ సేసి, నిన్ననే చక్రధర్‌పూర్‌లో కూతురు కాడికి ఎల్లిపోనాది. ఆ పిల్ల ఎప్పట్నించో రమ్మంటంది. ‘నాకు డ్యూటీ ఉన్నాది’ అంటా ఇన్నాళ్ళూ ఎల్లనేదు.”

గుమ్మంలో నిలబడి బాలాంబ అంతా వింది. లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చి గేటు దగ్గర వేసుకుంది.

“నువ్వు పాఠం చెప్పుకో. వీధి సంగతి నేను చూసుకుంటాను,” అంది కోడలితో.

కిరణ్మయి కదల్లేదు.

“అసలు ఆవిడెవరు, అప్పలకొండా?”

“తెల్దా? మెయిల్ రైలు డ్రైవరు విల్‌ఫ్రెడ్ గారి ఇల్లాలు. ఆయన పగలు తొంగుంటే, ఉజ్జోగం ఉన్నన్నాళ్ళూ గుమ్మంలో కూకుని కాపలా కాసిన మనిషి. ఆయన పోయినాక కాయడానికి నిద్దరే నేక మంచం పట్టేసినాది. మీ గుమ్మం దొరికినాకే మళ్ళీ లేచి అన్నం తిన్నాది.”