తీరానికి జానెడు

“ఇంకొంచెం కుడికండీ, కొమురయ్యగారూ! మచిలీపట్నానికి ఐదువందల కిలోమీటర్లన్నాడు రేడియోలో.”

సత్తిబాబు చెప్పినచోట కొమురయ్య ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టాడు. పటాన్‌చెరు తపాలా ఆఫీసు గోడమీది పటంలో అది నాలుగో చుక్క.

కొమురయ్య అక్కడ టెలిగ్రాములు కొట్టే గుమాస్తా. సముద్రం మొహం ఎరగడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన చూసిన పెద్ద నీళ్లంటే మంజీరే. అలాంటివాడి మెడకు మూడు రోజులుగా బంగాళాఖాతం చుట్టుకుంది. అంతా ఈ సత్తిబాబు పుణ్యమే. ప్లాంటులో ఫిట్టరు, నర్సాపురం వైపు మనిషి. ఆయన అన్న నరసరాజు, వదిన, పిల్లలు, మొత్తం ఎనిమిదిమంది అక్కడ సముద్రపొడ్డునే ఉన్నారు.

“మొన్న వాయుగుండమంటిరి, నిన్న తుఫానంటిరి. ఇయ్యాల ఏందంట?”

“పెను తుఫానట. ఒడ్డు దగ్గరపడేకొద్దీ బలం పుంజుకుంటోంది.”

“మరి మీ అన్న ఏమంటడు?”

సత్తిబాబు జేబులోంచి కాగితం తీసి బల్లమీద పెట్టాడు. ‘కోతలయ్యాక చూద్దాం. నువ్వు భయపడకు.’ మూడు టెలిగ్రాములకు వచ్చిన ఒక్క జవాబు అది.

“పోయినేడూ ఇలాగే రమ్మని గోల చేశానండీ. తీరా అది ఒరిస్సా వైపు మళ్లిపోయింది. ఊరు ఊరంతా నన్ను చూసి నవ్వింది. ఇప్పుడు పండిన చేను వదిలి రమ్మంటే వస్తాడా?”

“మీరే పోయి గుంజుకరారాదు?”

“నేను వెళ్లినా కదలడు. మా అన్న మొండితనం నాకు తెలుసు.” సత్తిబాబు లేచి పటం వంక ఒకసారి చూశాడు. “నేనూ ఆయన తమ్ముణ్నే కదండీ. ఎలాగైనా కదిలిస్తాను.”

మర్నాడు కౌంటరు తెరిచేసరికి సత్తిబాబు లేడు. ఆయన భార్య కమలాకుమారి నిలబడి ఉంది. మొహం పీక్కుపోయింది కాని కంట తడి లేదు.

“మా బావగారికి టెలిగ్రాం ఇవ్వాలండీ. ‘సత్తిబాబు చనిపోయారు. పిల్లలతో సహా అందరూ వెంటనే బయలుదేరండి.’”

కొమురయ్య కుర్చీలోంచి లేచాడు.

“ఏందమ్మా గిది! నిన్న ఈడనే నిలవడి మాట్లాడిపాయె గదా!”

“ఇప్పుడేమీ అడక్కండి. ముందు పంపండి.”

“ప్లాంటుల ఏమన్న…”

“మీకు దణ్ణం పెడతాను, ముందది పంపండి!”

చావు కబురుకు మిగతా టెలిగ్రాములన్నీ దారి ఇవ్వాల్సిందే. కొమురయ్య తక్కిన కాగితాలు పక్కకు నెట్టి, కళ్లు తుడుచుకుంటూ మీట నొక్కడం మొదలుపెట్టాడు.

“పిల్లలతో సహా అన్నది పడిందాండీ?”

“పడ్డదమ్మా.”

“అందరూ అన్నది?”

“అది గూడ పడ్డది.”

పాపం, మతి చెదిరినట్టుంది అనుకున్నాడు.

“నడువమ్మా, నేను గూడ ఇంటికొస్త. ఇసొంటప్పుడు నలుగురుండాలె.”

“వద్దండీ. మీరు ఇక్కడే ఉండాలి. జవాబు మీ చేతికే రావాలి.”

ఆమె బెంచీమీద కూర్చుంది. మళ్లీ లేస్తే ఒట్టు. కొమురయ్య తెప్పించిన చాయ్ చల్లారిపోయింది. ఇంట్లో అంత ఘోరం పెట్టుకుని ఈమె ఇక్కడ కూర్చుందేమిటని ఆయనకు అనిపించింది.

మధ్యాహ్నం రేడియో చెప్పింది: పెను తుఫాను ఇంకా బలపడింది, దూరం రెండువందల కిలోమీటర్లు, తెల్లారేసరికి తీరం దాటుతుంది. కొమురయ్య తనే లేచి చుక్క పెట్టాడు. ఎక్కడ పెట్టాలో చెప్పే మనిషి లేడే అని ఏడుపు ముంచుకొచ్చింది.

“ఎంత ఉందండీ?”

“జానెడు గూడ లేదమ్మా.”

“వస్తారు,” అంది కమలాకుమారి పళ్లు బిగించి. “ఎంత పంట ఉన్నా ఈ కబురుకి ఆగే మనుషులు కారు.”

నాలుగు దాటాక జవాబు వచ్చింది. కొమురయ్య చదవబోయి ఆగి, కాగితం ఆమె చేతికే ఇచ్చాడు. ‘ఎనిమిదిమందిమీ రైలెక్కుతున్నాం. మేం వచ్చేదాకా తమ్ముణ్ని తీయకండి.’

ఆమె రెండుసార్లు చదివింది. పొద్దుటినుంచి బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. ఓదార్చబోయిన కొమురయ్యా ఏడ్చేశాడు. అంతలో ఆమె కాగితం పట్టుకుని గుమ్మంలోకి పరుగెత్తింది.

“ఎక్కుతున్నారటండీ! పిల్లలు కూడా!”

గేటు అవతలి నుంచి సత్తిబాబు కొమురయ్యకు చేతులు జోడించాడు.