పాప వినని మాటలు

పద్దెనిమిదేళ్లు నిండగానే ప్రణవి చట్టం ఇచ్చిన హక్కు వాడుకుంది. పసితనంలో ఇంటి యంత్రం విన్న తన మాటలన్నీ చెరిపేయమంది.

“నా ఏడుపు విని ఎవరిళ్లల్లోనో బొమ్మలు ఏడవడం నేర్చుకున్నాయట నాన్నా! నాకొద్దు,” అంది హాస్టల్ నుంచి ఫోన్లో.

సదాశివం కాదనలేదు. కానీ వంటింట్లో ఆ యంత్రం మాట్లాడేది పోయిన భార్య సుగుణ గొంతుతో. పాపకు గోరుముద్దలు తినిపిస్తూ ఆవిడ చెప్పిన కబుర్ల నుంచే అది ఆ గొంతు నేర్చుకుంది.

చెరపడానికొచ్చిన రజియా మెల్లగా చెప్పింది: “పాపతో మేడమ్ మాట్లాడినవన్నీ పోతాయి సార్. పాప వినని మాటలేమన్నా ఉంటే మిగుల్తాయి.”

“ఎక్కడివమ్మా? పిల్ల చంక దిగితేగా!” అని నవ్వబోయాడు సదాశివం.

రజియా పని ముగించి వెళ్లిపోయింది. వంటిల్లు మూగబోయింది. ఆయన పొయ్యి మీద పాలు పెట్టి, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ ఉండిపోయాడు.

“ఏమండీ,” అంది సుగుణ గొంతు, బాగా తగ్గించి, గుసగుసగా. “పాలు పొంగుతున్నాయి. చప్పుడు చెయ్యకండి, పిల్ల ఇప్పుడే పడుకుంది.”

సదాశివం మునివేళ్ల మీద నడిచి వెళ్లి పొయ్యి కట్టేశాడు.